అరువు యాస

నూకరత్నానికి మాట పడిపోయిందంటే విశాఖ హార్బర్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. "రత్నానికా? ఊరుకోవే" అని నవ్వేశారు. నవ్వరూ మరి! చీకటి విడీ విడకముందే జెట్టీ మీద నిలబడి, బోట్లు దింపిన చేపల కుప్పల ముందు వేలం పాట పెట్టే మనిషి ఆవిడ. ఆవిడ గొంతు లేచిందంటే పక్క జెట్టీ మీది కాకులు కూడా లేచేవి. మాటల్లో పెట్టి చవకరకం కవ్వళ్ళ కుప్పను కూడా ఖరీదైన వంజరం ధరకు పాడించగలదని పేరు. షావుకార్లు ఆవిడ ముందు నోరు విప్పడానికి జంకేవారు, విప్పకుండా ఉండడానికి అంతకంటే జంకేవారు.

అలాంటి మనిషి ఒకనాడు పాట మధ్యలో తూలి తట్టల మీద పడింది. మెదడులో ఎడమవైపు ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి, కుడికాలు నెమ్మదిగా దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు.

చిత్రమేమిటంటే, లోపల అన్నీ ఉన్నాయి. ఎవరేమన్నా అర్థమవుతుంది. ఏం జవాబు చెప్పాలో తెలుసు, ఎంత ఘాటుగా చెప్పాలో కూడా తెలుసు. "నీళ్ళు" అనాలనుకుంటే ఆ మాట లోపల స్పష్టంగా వినిపిస్తుంది. తీరా నోరు తెరిచేసరికి పెదాలు దేన్నో వెతుక్కుంటాయి, నాలుక పైకి పోవాలో కిందికి పోవాలో తెలియక తడబడుతుంది, చివరికి "తీలు" అనో "లీకు" అనో ఇంకేదో ఊడిపడుతుంది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ వేరేది. ఒకరోజు పిల్లి చేపతల లాక్కుపోతుంటే "ఛీ, పోవే!" అని శుభ్రంగా వచ్చేసింది. ఆవిడ ఉలిక్కిపడి, సంబరపడి, ఇంకోసారి అనబోయింది. రాలేదు. ఆ పూట పిల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఏడ్చింది.

భర్త ఓబులేసు పక్కనే కూర్చుని ఆవిడ వీపు నిమిరాడు. ఏమీ అనలేదు. అతను ఏమైనా అంటేనే వింత.

అతను అనంతపురం వైపు మనిషి. వయసులో ఉండగా హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్లు బిగించడానికి వచ్చాడు. ఐసు దిమ్మలు కరిగిపోయినవి ఇచ్చారని రోజూ వచ్చి పోట్లాడే నూకరత్నాన్ని చూసి, వెనక్కి వెళ్ళడం మానేశాడు. మాటలంటే మహా పొదుపు. అందులో అతని తప్పు కొంత, ఫ్యాక్టరీ తప్పు కొంత. ఆ మోతలో అరిచి లాభం లేదు గనక అక్కడ అందరిదీ చేతిభాషే. అరచెయ్యి గుండ్రంగా తిప్పితే నడపమని. గుండె మీద రెండుసార్లు తట్టుకుంటే విన్నాను, వస్తున్నానని. పిడికిలి పైకెత్తితే ఆపమని. ఈ చివరిదానికి మాత్రం ఒక కట్టుబాటు ఉంది. పిడికిలి ఎత్తింది మేనేజరైనా సరే, ఐసు మోసే కూలీ అయినా సరే, ముందు యంత్రం ఆగిపోవాలి. ఎందుకని అడిగేది ఆగిన తర్వాతే.

ఇంట్లో కూడా అతను ఆ చేతులతోనే కాపురం నెట్టుకొచ్చాడు. ఒక్క మాట మాత్రం ఉండేది. సాయంత్రం నూకరత్నం గుమ్మంలో నిలబడి, "ఇదుగో, నిన్నే! కూడు సల్లారిపోతన్నాది, ఒత్తావా రావా?" అని వీధంతా వినబడేలా కేకేస్తే, మేడమీద రేడియోనో ఫ్యానో విప్పుకుని కూర్చున్న ఓబులేసు "వస్తాండా" అనేవాడు. మాట వచ్చిన చాలాసేపటికి గాని మనిషి వచ్చేవాడు కాదు. దానికి మళ్ళీ ఆవిడ చేత తిట్లు.

*

మాట పోయినవాళ్ళకు ఏదో కొత్త వైద్యం చేస్తున్నారని తెలిసి, బీచి రోడ్డు అవతల ఉన్న పరిశోధనశాలకు వెళ్ళారు. అక్కడ డాక్టర్ పరిమళ అని ఒకావిడ. నలభై దాటిన మనిషి. వినేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళకంటే పెదాలనే ఎక్కువ చూస్తుంది. పక్కన ఇంతియాజ్ అనే ఇంజినీరు.

"మీ పేరు చెప్పండమ్మా" అంది పరిమళ. నూకరత్నం తంటాలు పడి "కూనా... నూతా..." అంది.

"మీ ఆయన పేరు?"

నూకరత్నం పెదాలు బిగించి నేల చూపులు చూసింది. పరిమళ కాసేపు ఆగి, పెదవి విరిచి, రాదన్నట్టు ఇంతియాజ్ వైపు చూసింది. అప్పుడు ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"అది జబ్బు కాదు మేడమ్. ఆయమ్మ నా పేరు యాపొద్దూ చెప్పలేదు."

గదిలో అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు వాళ్ళిళ్ళలో లేదు. జబ్బు చేసిందని ఆ మర్యాద తప్పుతుందా ఏమిటి!

"సరే, నాలుక బయట పెట్టండి" అంది పరిమళ. నూకరత్నం ఎంత ప్రయత్నించినా దవడ కదిలింది గాని నాలుక రాలేదు. పరిమళ ఒక చిన్న బెల్లం ముక్క తీసుకుని ఆవిడ పై పెదవికి రాసింది. నాలుక దానంతటది వచ్చి బెల్లం తుడుచుకుపోయింది.

"చూశారా? నాలుకకు బలం ఉంది. అదిగో, ఆ మూల కూర్చున్న పెద్దాయనకు వణుకుడు జబ్బు. గొంతు సన్నబడి గుసగుస అయిపోయింది. పక్కనున్నాయన బండి మీంచి పడ్డాడు. కండరాలు మాట వినవు, పలుకంతా ముద్దముద్దగా వస్తుంది. మీది అలాంటిది కాదమ్మా. వంటింట్లో సామాన్లన్నీ ఉన్నాయి, ఏది ముందు వెయ్యాలో చేతికి గుర్తు లేదు. అంతే."

నూకరత్నానికి అది నచ్చింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి తన కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఓపిగ్గా సాధన చేస్తే కొంత తిరిగొస్తుంది. కానీ చాలాకాలం పడుతుంది" అని పరిమళ కాస్త తటపటాయించి, సొరుగులోంచి రెండు సన్నటి పట్టీలు తీసింది. తలచుట్టూ పెట్టుకుంటే జుట్టులో కనపడవు. "ఇవి జతపట్టీలు. మీరొక మాట అనాలనుకోగానే ఇది పసిగట్టి, రెండోది పెట్టుకున్న మనిషికి పంపుతుంది. ఆ మాటకు పెదాలూ నాలుకా ఎలా తిరగాలో ఆ వరస వాళ్ళ మెదడులో తయారవుతుంది. కానీ వాళ్ళ నోటి దాకా పోదు. గుమ్మంలోనే ఆపి మీ నోటికి పంపేస్తాం. మీ గొంతుతో మీరే మాట్లాడతారు. ఆ కాసేపూ వాళ్ళు మాత్రం మాట్లాడలేరు. ముందు ప్రయత్నించిన జంటలన్నీ అక్కడే విరమించుకున్నాయి. ఎవరి నోరు వాళ్ళకు కావాలి కదా!"

"నాకు పెట్టండి మేడమ్" అన్నాడు ఓబులేసు.

"ఆలోచించుకోండి. మాట్లాడాలనిపించినా..."

"నాకు మాట్లాడే పనేముంది? నా మాట ఊరికే పడుండాది. తీసుకోనీండి."

నూకరత్నం కూడా ఆలోచించలేదు. హార్బర్‌లో తన చోట ఇప్పటికే తోటి పాటగత్తె దానమ్మ నిలబడుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే బోట్లవాళ్ళు దానికే అలవాటు పడిపోతారు. పాట లేని నూకరత్నం ఎవరో నూకరత్నానికే తెలియదు.

పట్టీలు పెట్టారు. "ఏదైనా అనుకోండి" అంది పరిమళ. ఒలమ్మ, ఇదేటర్రా అనుకుంది నూకరత్నం. నోరు దానంతటది తెరుచుకుంది.

"ఓయమ్మ, ఇదేందబ్బా!"

గొంతు తనదే. నిలువెల్లా జలదరించింది. కానీ ఆ పలుకేమిటి? ఇంతియాజ్ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. "మాట మీదేనమ్మా. నోరు తిప్పే తీరు ఆయనది. యాస కూడా దాంతోపాటే వచ్చేస్తుంది మరి!"

ఓబులేసు అరచేత్తో పెదాలు రుద్దుకుంటున్నాడు. చీమలు పాకినట్టుందని సైగ చేశాడు. ఆ తర్వాత, ఎందుకో, సిగ్గుపడ్డాడు.

*

హార్బర్‌లో ఆవిడ మొదటి పాట వినడానికి చేపలు కొనేవాళ్ళే కాదు, వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నూకరత్నం కొంగు బిగించి గొంతెత్తింది.

"రాండయ్యా రాండి! యాడ చూస్తాండారు? వంజరం ఈడుండాది! ఊరికే నిలబడితే ఎట్లా, పాడల్ల!"

ఒక్క క్షణం అందరూ నోరెళ్ళబెట్టారు. తర్వాత జెట్టీ అంతా గొల్లుమంది.

"ఒలమ్మో! రత్నం నోట్లోకి ఓబులేసు దూరీసినాడర్రా!" అని దానమ్మ నడుం పట్టుకుని నవ్వింది. నవ్వినంతసేపూ నవ్వి, వచ్చి కౌగలించుకుని భోరుమంది. "ఏ యాసైతే ఏటే, నువ్వొచ్చినావు. అదే సాలు. ఇదుగో నీ సోటు, నువ్వే నిలబడు."

ఆ వేళ నుంచి నూకరత్నం మళ్ళీ నూకరత్నమే. పోగొట్టుకున్న నెలలకు కూడా కలిపి మాట్లాడింది. షావుకార్లను దులిపేసింది, బోటు డ్రైవర్లను ఆటపట్టించింది, ఆటోవాడితో బేరమాడి నెగ్గి, ఊరికే ఇంకాసేపు బేరమాడింది. మధ్యాహ్నం నిద్రపట్టకపోతే పిల్లితో మాట్లాడింది.

ఇదంతా ఐసు ఫ్యాక్టరీలో ఉన్న ఓబులేసుకు తెలిసిపోయేది. ఆవిడ మాటలు అతని తలలోంచే కదా పోవాలి! కంప్రెసర్ పక్కన ఒంటరిగా నిలబడి అతను ఉన్నట్టుండి నవ్వుతుంటే, అమ్మోనియా తలకెక్కిందేమోనని తోటివాళ్ళు కంగారుపడ్డారు. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, తనంతట తాను ఒక పెద్ద మాట చెప్పాడు.

"నీ మాటలు నా లోపల పోతాంటాయి మే. ఇంత ఉంటాదని నాకు తెల్దు. బాగుంటాది."

నూకరత్నం ఇంకో గరిటె అన్నం అతని కంచంలో వడ్డించింది. ఇన్నేళ్ళ కాపురంలో అతను చెప్పిన వాటిలో అంత పొడుగైనది ఇంకొకటి లేదు. తర్వాత ఆలోచిస్తే, అతని నోట విన్న చివరి పెద్ద మాట కూడా అదే.

వారం వారం పరిశోధనశాల నుంచి ఇంతియాజ్ ఫోనులో కనపడేవాడు. ముందు నూకరత్నంతో గంటసేపు. తర్వాత ఫోను ఓబులేసు వైపు తిప్పేవారు. "ఎలా ఉన్నారు సార్? మాట ఎలా ఉంది?" అంటే ఓబులేసు బొటనవేలు ఎత్తేవాడు. "ఇబ్బంది ఏమైనా?" అంటే అరచెయ్యి గుండ్రంగా తిప్పేవాడు. "నడుస్తోంది అనా? భలే! నాకు మీ ఫ్యాక్టరీ భాష వచ్చేస్తోంది సార్" అని ఇంతియాజ్ మురిసిపోయేవాడు. నూకరత్నం కూడా పక్కనుంచి నవ్వేది. అందరికీ ముచ్చటగా ఉండేది.

సాయంత్రం గుమ్మంలోంచి కేకేస్తే ఓబులేసు ఇప్పుడు వెంటనే దిగి వచ్చేస్తున్నాడు. మెట్ల మీద గుండెను రెండుసార్లు తట్టుకుంటూ వచ్చి పీట మీద కూర్చుంటున్నాడు. "మా ఆయన మారిపోనాడే, పిలిత్తే సాలు వచ్చేత్తాండాడు" అని రెండు యాసలూ కలిపి దానమ్మకు గొప్పగా చెప్పుకుంది నూకరత్నం. ఆవిడ మాటలు మోసీ మోసీ అతని తలకూ ఆ యాస కాస్త అంటుకుంది మరి. "వస్తాండా" అన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడు ఆగిపోయిందో మాత్రం ఆవిడ గమనించలేదు. మాట్లాడే హడావుడిలో ఉంది పాపం.

*

ఆ రోజు వేట బాగా పడింది. జెట్టీ నిండా కుప్పలు. నూకరత్నం పాట మంచి ఊపు మీద ఉంది. "ఒకటోసారి... రెండోసారి..." అన్నది. మూడోసారి అనబోతే నోరు ఖాళీ అయిపోయింది.

పెదాలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. జనం ఎదురుచూస్తున్నారు. నూకరత్నం చెయ్యి తలమీది పట్టీకి పోయింది. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది చల్లగా తగిలింది. ఓబులేసు పట్టీ తీసేశాడు. స్నానానికి పోయేటప్పుడు కూడా చెప్పి గాని తియ్యని మనిషి, పాట వేళ తీశాడు! అంతలో గాలి మళ్ళి, ముక్కుపుటాలు మండించే ఘాటు వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ అమ్మోనియా వాసన.

నూకరత్నం కుప్పలు దాటుకుంటూ పరిగెత్తింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు ఓబులేసు. చేతిలో పట్టీ. లోపల గొట్టం దగ్గర తెల్లటి పొగ. వెనకగదిలో ఐసు పొడికొట్టే యంత్రం దగ్గర ఇద్దరు మనుషులు ఇటు వీపు పెట్టి పని చేసుకుంటున్నారు. అతను వాళ్ళను పిలవాలి. నోరు తెరిచే ఉంది.

నూకరత్నం ఆ నోరు చూసి కొయ్యబారిపోయింది. పెదాలు గుండ్రంగా అయి, విడిపోయి, మళ్ళీ గుండ్రంగా అయ్యాయి. దవడ పక్కకు పోయింది. నాలుక పైకి వెళ్ళి, కాదనుకుని, కిందికి వచ్చింది. "బ... గ..." ఆ వెతుకులాట ఆవిడకు తెలుసు. లోపలి నుంచి తెలుసు. పట్టీ అతని చేతిలో ఉంది, తను ఒక్క మాటా అరువు తీసుకోవడం లేదు, అయినా అతనికి మాట రావడం లేదు.

ఓబులేసు ఇక ఆగలేదు. రెంచి తీసుకుని ఇనుపగేటును దబదబా బాదాడు. వాళ్ళు తిరిగి చూసేసరికి పిడికిలి ఎత్తాడు. యంత్రం ఆగింది, మనుషులు బయటికి పరిగెత్తుకొచ్చారు. తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని అతనే లోపలికెళ్ళి వాల్వు కట్టేసి వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఓబులేసు బావకి గేసు గొంతుకి పట్టీసినాది, నీళ్ళట్టుకు రండి" అంటోంది దానమ్మ. అందరూ గ్యాసే అనుకున్నారు. నూకరత్నం దగ్గరికి వెళ్ళి అతని పెదాల మీద వేళ్ళు పెట్టింది. అతను తల తిప్పేసుకున్నాడు. ఈ మనిషికి ఎప్పటి నుంచో తెలుసు. తెలిసీ దాచాడు. దాచడానికి పెద్దగా కష్టపడలేదు కూడా, అతని మాట కోసం ఎవరు కాచుకుని కూర్చున్నారు గనక!

*

"మీ పేరు చెప్పండి" అంది డాక్టర్ పరిమళ.

ఓబులేసు బొటనవేలు ఎత్తబోయాడు. పరిమళ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా ఒళ్ళో పెట్టింది. "చేతులొద్దు. నోటితో."

"బో... ఓ... లో..."

ఇంతియాజ్ ముఖం పాలిపోయింది. "ప్రతివారం అడిగాను మేడమ్. బాగుందని చేత్తో చెప్పేవారు. నేను కూడా... నాకు అర్థమైందని సంతోషంగా..."

"నీ ఒక్కడిదీ కాదు. ఎక్కువ మాట్లాడని మనిషి దొరికాడని ముందు సంబరపడింది నేను" అంది పరిమళ. "మాట్లాడించకుండానే మాట బాగుందనుకున్నాం." తర్వాత నూకరత్నం వైపు తిరిగింది. "ఆయన మెదడులో తయారైన మాటను గుమ్మంలో ఆపేవాళ్ళం కదమ్మా. రోజంతా ఆపి, ఆపి, ఆపడం ఆ మెదడుకు అలవాటైపోయింది. ఇప్పుడు సొంత మాటను కూడా అక్కడే ఆపేస్తోంది. ఇది నా తప్పు. మీ ఇద్దరి ముందూ ఒప్పుకుంటున్నాను."

నూకరత్నం రెండు చేతులూ తిప్పి అడిగింది, తిరిగొస్తుందా అని.

"పట్టీలు పూర్తిగా మానేసి సాధన చేస్తే వస్తుందనే నా నమ్మకం. ఎంత వస్తుందో చెప్పలేను. మానకపోతే మాత్రం ఆయనకు ఇక మిగలదు. మీకు వేరే ఎవరినైనా వెతకమంటే వెతుకుతాను..."

ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఒక్క క్షణం నూకరత్నం కళ్ళముందు జెట్టీ, కుప్పలు, గొల్లుమనే జనం కదిలారు. ఆ వెంటనే, ఇంకో ఇంట్లో ఇంకో గుమ్మం దగ్గర నోరు తెరుచుకుని నిలబడిన ఇంకో మనిషి కనిపించాడు. తల అడ్డంగా ఊపింది.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. ఓబులేసు సంచిలోంచి పట్టీలు తీసి, ఒకటి తను పెట్టుకుని, రెండోది ఆవిడ తలకు పెట్టాడు. ఆవిడ తీసేసింది. మళ్ళీ పెట్టాడు. విసిరికొట్టింది. అతను వెళ్ళి ఏరుకొచ్చి, దుమ్ము తుడిచి, తన తలను చూపించాడు, గుండెను చూపించాడు, అరచెయ్యి గుండ్రంగా తిప్పాడు. నడవనీ అని. నీ మాటలు నా లోపల నడవనీ అని. అతని కళ్ళలో నీళ్ళు నిలిచాయి. తన నోటి కోసం కాదు ఆ ఏడుపు, లోపల నిశ్శబ్దమైపోతుందని. పట్టీలు రాకముందు ఎంత నిశ్శబ్దంలో బతికాడో ఆవిడకు అప్పుడు తెలిసింది.

చెప్పాల్సింది ఆవిడకు కొండంత ఉంది. నీ ఒక్క మాటా నేను ఖర్చు పెట్టేశాను మావా, నాకు తెలీలేదు, నన్ను క్షమించు. నోరు తెరిస్తే "లే... లే... కా..." అని వచ్చింది. ఎంత ప్రయత్నించినా అంతే. అతను ఇదే అదనుగా పట్టీ మళ్ళీ ఆవిడ తల దగ్గరికి తెచ్చాడు.

నూకరత్నం వెనక్కి జరిగి, నిటారుగా నిలబడి, పిడికిలి పైకెత్తింది.

ఓబులేసు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ సైగ ఆవిడ ఎన్నడూ చెయ్యలేదు. చూస్తూ వచ్చింది, అంతే. అతను ఆ పిడికిలి వంక చూశాడు, ఆవిడ ముఖం వంక చూశాడు. వాదించడానికి అతనికి అడ్డేమీ లేదు, రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. కానీ పిడికిలి ఎత్తాక వాదించడం అతని వృత్తిలో లేదు. తన తలమీది పట్టీ తీశాడు. రెండూ కలిపి చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కిందికి కూలబడి, అతని మోకాలికి తల ఆనించి, పిల్లితో కూర్చున్ననాటి ఏడుపే ఏడ్చింది. ఈసారి తోడు ఉంది.

*

అప్పటి నుంచి ఇద్దరూ ఒకే అద్దం ముందు కూర్చుని సాధన చేస్తున్నారు. పరిమళ వాళ్ళకు నెమ్మదిగా తాళం వేస్తూ మాట్లాడడం నేర్పింది. ఒక్కో అక్షరానికి బల్ల మీద ఒక్కో తట్టు. తొందరపడితే మాట చెదిరిపోతుంది. నూకరత్నానికి తొందరపడకుండా ఉండడం అన్నిటికంటే కష్టం. పక్కన ఓబులేసు ఒక్కో పలుకును బోల్టు బిగించినట్టు బిగించుకుంటూ పోతుంటే ఆవిడకు ఒళ్ళు మండేది, తర్వాత నవ్వొచ్చేది. ఇంతియాజ్ ఇప్పుడు ఫోనులో కాదు, వారం వారం ఇంటికే వస్తున్నాడు. చేతులు కట్టుకుని కూర్చుని, ఓబులేసు నోటి నుంచి జవాబు వచ్చేదాకా కదలడం లేదు.

హార్బర్‌లో పాట దానమ్మదే. నూకరత్నం పక్కన నిలబడి కుప్పలు వేయిస్తుంది. ఎప్పుడైనా ఒక కుప్ప చూపించి "వం... జ... రం" అంటుంది. ఆ పలుకులో అరువు లేదు. జనం వింటారు. కొందరు ఓపిగ్గా వింటారు, కొందరు పక్కకుప్పకు పోతారు. బాధగానే ఉంటుంది.

"ఇంట్లో మీకు బాగా అవసరమైన మాట ఒకటి ఎంచుకుని, రోజూ అనండి" అని పరిమళ ఇద్దరికీ చెప్పింది. ఏ మాట ఎంచుకుందో నూకరత్నం అతనికి చెప్పలేదు. అతనూ చెప్పలేదు. ఓబులేసు ఫ్యాక్టరీకి వెళ్ళాక ఆవిడ పిల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేపల తట్ట బోర్లించి దాని మీద తట్టుకుంటూ ఆ మాట అభ్యాసం చేసింది. చాలా రోజులు. పిల్లికి విసుగొచ్చి లేచిపోయినా చేసింది.

ఒక సాయంత్రం చందువ చేపల పులుసు పెట్టింది. వీధిలో మనుషులు అరుగుల మీద కూర్చున్నారు. దానమ్మ ఎదురింట్లో చేపలు తోముతోంది. నూకరత్నం గుమ్మంలో నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుని, తలుపుచెక్క మీద మెల్లగా తట్టింది.

"ఓ... బు... లే... సూ!"

దానమ్మ చేతిలోని చేప జారి పళ్ళెంలో పడింది. అరుగు మీదివాళ్ళు మాటలాపేశారు. నూకరత్నానికి సిగ్గు ముంచుకొచ్చి చెవులు వేడెక్కాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

మేడమీద ఫ్యాను తాలూకు స్క్రూ ఏదో కిందపడి దొర్లిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఈమధ్య పిలిస్తే వెంటనే అడుగుల చప్పుడు వినపడేది. ఇప్పుడు అది కూడా లేదు. పేరు పెట్టి పిలిచినందుకు కోపమొచ్చిందా? మెట్లెక్కబోయి, మొదటి మెట్టు మీదే ఆగింది. పైనుంచి సన్నగా ఏదో వినిపిస్తోంది. చెక్క మీద వేలితో తడుతున్న చప్పుడు.

అతను రావడం లేదు, ఎందుకంటే వెతుక్కుంటున్నాడు.

నూకరత్నం మెట్టు మీద కూర్చుంది. జన్మలో ఎవరి మాట కోసమూ ఆగని మనిషి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆగింది.

"వా..." పైనుంచి వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ తట్టు. "వ... త..." కాదు. ఇంకోసారి.

"వస్... తాం... డా."

మాట వచ్చింది. మనిషి మాత్రం పాతరోజుల్లోలాగే చాలాసేపటికి గాని రాలేదు. పులుసు చల్లారిపోయింది. పోతే పోనీ.